కుద్రేముఖ్ కొండ, మా నాయన షవల్

ఈ మధ్య ఎవరి ఫోన్ చూసినా కుద్రేముఖ్ ట్రెక్ ఫోటోలే, పచ్చటి గడ్డి కొండలు, వెనక మబ్బులు, చేతులు చాపి నిలబడ్డ పిల్లలు. బాగుంటాయి, నేను కూడా లైక్ కొడతాను. కానీ నాకు కుద్రేముఖ్ అంటే ముందు గుర్తొచ్చేది సైరన్. బ్లాస్టింగ్ ముందు కొట్టే సైరన్. అది మోగిందంటే మా అమ్మ చేతిలో పని వదిలేసి వంటింటి అల్మారా దగ్గరికి పోయి నిలబడేది, ఎందుకంటే తరవాత నేల అదిరి స్టీల్ గిన్నెలన్నీ గలగలమనేవి, పై అరలో ఊరగాయ జాడీ ఉండేది, దానికి చెయ్యి అడ్డం పెట్టేది. ఆ జాడీ కర్నూలు నుంచి రెండు బస్సులు, ఒక రైలు మారి వచ్చింది మరి.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే అదంతా ఒకప్పుడు ఇనుప ఖనిజం తవ్విన చోటు. ట్రెక్కర్లు ఎక్కే కుద్రేముఖ్ శిఖరం వేరు, తవ్విన కొండ వేరు, రెండూ ఒకే కొండల వరసలో ఉంటాయి. శిఖరం 1,890 మీటర్ల పైచిలుకు, పడమటి కనుమల్లో చిక్కమగళూరు జిల్లాలో ఉంది, ఒక పక్క నుంచి చూస్తే గుర్రం మొహంలా కనపడుతుందని ఆ పేరు. ఆ వరసలో ఇనుము ఉందని 1913లోనే మైసూరు సంస్థానం జియాలజిస్ట్ సంపత్ అయ్యంగార్ కనిపెట్టాడు. కానీ ఆ అడవిలోకి, ఆ వానలోకి మిషన్లు తీసుకుపోయేవాడు ఎవడు, అట్లా అరవై ఏళ్లు ఊరికే ఉండిపోయింది. చివరికి 1976లో కుద్రేముఖ్ ఐరన్ ఓర్ కంపెనీ పెట్టారు, అది కూడా ఇరాన్ డబ్బుతో. ఇరాన్ షా వాళ్ల స్టీల్ ఫ్యాక్టరీలకి మన దగ్గర ఖనిజం కొంటానని, దానికోసం అప్పు కూడా ఇస్తానని ఒప్పందం.

మా నాయన ఆ కంపెనీలో షవల్ ఆపరేటర్, అంటే పేల్చిన రాయిని పెద్ద బకెట్ తో ఎత్తి డంపర్లలో పోసే మిషన్ నడిపేవాడు. అంతకుముందు శ్రీశైలం డ్యామ్ పనిలో మిషన్ల మీద ఉండేవాడు. పేపర్లో ప్రకటన చూసి అప్లై చేశాడంట, ఇంటర్వ్యూలో నీకు కన్నడ వచ్చా అని అడిగితే, మిషన్ కి ఏ భాషైనా ఒకటే సార్ అన్నాడంట. ఇది నాయన చెప్పే వెర్షన్. మా అమ్మ అయితే ఈయన అంత మాట అనే మనిషే కాదు, తల ఊపి వచ్చుంటాడు అంటుంది.

నాయన చేరిన కొన్నాళ్లకే 1979లో ఇరాన్ లో షా దిగిపోయాడు. కొత్తగా వచ్చిన వాళ్లు మాకు మీ ఖనిజం వద్దు అన్నారు. ప్లాంట్ కట్టడం దాదాపు అయిపోవచ్చింది, కొనేవాడు లేడు. కాలనీలో పెద్దవాళ్లు టీ తాగుతా షా తరవాత అక్కడ పగ్గాలు పట్టిన ఖొమేనీ గురించి మాట్లాడుకునేవాళ్లంట, మా ఊరి రచ్చబండ మీద ఎమ్మెల్యే గురించి మాట్లాడుకున్నట్టే. మా నాయనకి ఇప్పటికీ ప్రపంచ రాజకీయాల మీద అభిప్రాయాలు ఉండడానికి కారణం అదేనని నా అనుమానం. తరవాత కంపెనీ వేరే దేశాల్లో కొనేవాళ్లని వెతుక్కుంది, మంగళూరులో ఖనిజం పొడిని ఉండలు చేసే పెల్లెట్ ప్లాంట్ పెట్టుకుంది, బండి నడిచింది.

మా కాలనీ మల్లేశ్వర అనే చోట, భద్రా నది పక్కనే. క్వార్టర్లు, స్కూలు, ఆసుపత్రి, క్లబ్బు, పోస్టాఫీసు, గుడి, చర్చి, మసీదు అన్నీ ఉండేవి. తెలుగు వాళ్లు కొంతమంది, తమిళ, మలయాళ, బెంగాల్, ఒడిశా వాళ్లు, తుళు మాట్లాడే వాళ్లు, అందరం కలిసి స్కూల్లో కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాళ్లం. ఇంట్లో మాత్రం కర్నూలు యాస, బయట ఇంకోటి. వేసవి సెలవులకి ఊరికి పోతే మా పిన్ని పిల్లలు నన్ను "కన్నడమ్మాయి" అనేవాళ్లు, అక్కడేమో నేను "ఆంధ్ర అమ్మాయి".

ఇంక వాన. ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్లు పడేచోటు అది, కర్నూల్లో ఏడాదంతా కలిపినా దాంట్లో పదో వంతు పడితే గొప్ప. జూన్ లో మొదలైతే సెప్టెంబర్ దాకా సూర్యుడు కనపడేవాడు కాదు. బట్టలు ఆరేవి కావు, ఇంట్లో గది మధ్యలో తాడు కట్టి ఆరేస్తే కూడా వాసన. స్కూల్ బూట్లలో న్యూస్ పేపర్ ఉండలు కుక్కి పెట్టేది అమ్మ. తోలు బెల్టులకి, ఆల్బమ్ లో ఫోటోలకి, నాయన పెళ్లి సూటుకేసుకి అన్నిటికీ తెల్లటి బూజు. అమ్మ పెళ్లయిన కొత్తలో వచ్చి మొదటి వానాకాలం అంతా ఏడ్చిందంట. మా అవ్వకి జాబు రాస్తే, వానకి ఎవరైనా ఏడుస్తారా పిచ్చిదానా, ఇక్కడ మబ్బు కోసం పూజలు చేస్తావుంటే, అని తిట్టి జవాబు రాయించింది. ఆ ఉత్తరం అమ్మ దగ్గర ఇంకా ఉంది, అది కూడా బూజు పట్టింది.

నాయన డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు జేబులో ఒక్కోసారి రాయి తెచ్చేవాడు. అరచేతిలో పట్టేంత రాయి, పక్క నుంచి చూస్తే నలుపు, బూడిద తెలుపు చారలు వరసగా ఒకదాని మీద ఒకటి, జంపఖానా మడత పెట్టినట్టు. నల్ల చార మాగ్నటైట్, తెల్లది క్వార్ట్జ్. నా దగ్గర పాత రేడియో స్పీకర్ లోంచి తీసిన అయస్కాంతం ఉండేది. దాన్ని రాయికి ఆనిస్తే పట్టుకునేది. ఇంకా సరదా ఏంటంటే గుమ్మం ముందు కాలువలో కొట్టుకొచ్చిన మట్టిని ఎండబెట్టి (వాన తెరిపిచ్చినప్పుడు) కాగితం మీద పోసి కింద నుంచి అయస్కాంతం తిప్పితే నల్లటి పొడి లేచి నిలబడేది, ముళ్లలాగా, అయస్కాంతం ఎటు పోతే అటు. నేను, మా తమ్ముడు గంటలు గంటలు ఆ ఆట ఆడేవాళ్లం. ప్లాంట్ లో జరిగేది కూడా అదే అని నాయన చెప్తే నమ్మలేదు. కానీ నిజంగా అదే. ఆ ఖనిజంలో ఇనుము తక్కువ, నూటికి నలభై లోపే. కాబట్టి రాయిని పగలగొట్టి, మిల్లుల్లో పౌడర్ చేసి, నీళ్లలో కలిపి, పెద్ద పెద్ద అయస్కాంతాల మీదుగా పంపితే ఇనుము ఒక పక్కకి, మిగతాది ఒక పక్కకి. అట్లా తీసిన చిక్కటి నల్ల బురదని పైపులో పోస్తే అది ఘాట్ దిగి 67 కిలోమీటర్లు ప్రయాణం చేసి మంగళూరు పోర్టు దగ్గర తేలేది. లారీలు లేవు, రైలు లేదు. ఇంత పెద్ద కొండ పైపులో పోతుంది అంటే ఊళ్లో మా తాత నవ్వేవాడు, మీ నాయన అబద్ధాలు నేర్చినాడు అని.

మరి మిగతాది యాడికి పోయేది అంటే, లక్యా డ్యామ్ వెనక్కి. లక్యా అనేది భద్రలో కలిసే చిన్న వాగు, దాని మీద దాదాపు వంద మీటర్ల ఎత్తు డ్యామ్ కట్టి ఇనుము తీసేసిన బురదంతా అక్కడ నింపారు. తవ్విన దాంట్లో సగానికి పైగా ఆ బురదే. చిన్నప్పుడు మాకు అది పిక్నిక్ స్పాట్, అంత పెద్ద నీళ్లు చూసి సముద్రం అనుకునేవాళ్లం, కింద ఏముందో ఎవరు ఆలోచిస్తారు ఆ వయసులో.

భద్ర పుట్టేది కూడా ఆ కొండల్లోనే, గంగమూల దగ్గర. తుంగ, నేత్రావతి కూడా అక్కడే పుడతాయి అంటారు. నేత్రావతి పడమటికి తిరిగి మంగళూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది, తుంగ, భద్ర రెండూ తూర్పుకి తిరిగి శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలిసి తుంగభద్ర అవుతాయి, అక్కడి నుంచి హోస్పేట డ్యామ్, మంత్రాలయం, సుంకేసుల, కర్నూలు, ఆ తరవాత సంగమేశ్వరం దగ్గర కృష్ణలో. మా అవ్వ వాళ్ల మడికి వచ్చేది సుంకేసుల నుంచి కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) నీళ్లు. అంటే మా ఇంటి వెనక పోయే నీళ్లే అన్నమాట. ఈ విషయం స్కూల్లో మ్యాప్ గీసేటప్పుడు నాకు తెలిసి ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి చెప్తే నాయన, "తెలుసు అమ్మీ, అందుకే ఈడ ఉద్యోగం వస్తే సరే అన్నా" అన్నాడు. తరవాత నేను కాగితం పడవ మీద అవ్వ పేరు, ఊరు పేరు రాసి భద్రలో వదిలాను. అది కాలనీ దాటుంటే గొప్పే.

వానాకాలంలో ఆ భద్ర ఎర్రగా చిక్కగా పోయేది. వానకి అన్ని నదులూ ఎరుపే కదా అని మేము అనుకునేవాళ్లం, కానీ నది కింద కళస ఊరి వైపు తోటల వాళ్లు అట్లా అనుకోలేదు. మైన్స్ మట్టి కొట్టుకొస్తోందని, కింద భద్రా డ్యామ్ పూడిపోతోందని గొడవలు. ఇంకో పక్క అడవి. 1983, 84లో అడవి జంతువుల మీద పరిశోధన చేసే ఉల్లాస్ కారంత్ ఆ కొండల్లో సింగళీకాల మీద సర్వే చేశాడు, అవి నల్ల ఒళ్లు, మొహం చుట్టూ బూడిద రంగు జూలు, తోక చివర కుచ్చు ఉండే కోతులు, ప్రపంచంలో పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు. ఆ సర్వే తరవాత 1987లో ఆ అడవిని నేషనల్ పార్క్ చేశారు, ఆరు వందల చదరపు కిలోమీటర్లు. పార్క్ మధ్యలో మేము, మా మైన్స్, మా సైరన్. ఇప్పుడు తలుచుకుంటే విచిత్రంగా ఉంటుంది గానీ అప్పుడు మాకేమీ అనిపించలేదు, స్కూల్ బస్సు ఆగితే పనస చెట్టు మీద సింగళీకాలు కనపడేవి, మా క్లాసు అబ్బాయిలు వాటికి టీచర్ల పేర్లు పెట్టేవాళ్లు.

లీజు 1999లో అయిపోయింది, కోర్టు కేసులు నడిచాయి, నేను అప్పటికి హైదరాబాదులో చదువుకుంటున్నాను. 2002లో సుప్రీం కోర్టు ఇంక 2005 ఆఖరు దాకానే అని తేల్చి చెప్పింది. ఆ ఏడాది డిసెంబర్ 31తో తవ్వకం ఆగిపోయింది. కాలనీలో ఒక్కొక్క కుటుంబమే సామాను కట్టుకుని పోతుంటే ప్రతి వారం ఎవరో ఒకళ్ల ఇంట్లో భోజనం, ఎవరో ఒకళ్ల మంచం, ఫ్రిజ్ చవగ్గా ఇంకొకళ్లకి. మా అమ్మ గులాబీ మొక్కలు అన్నీ పంచేసింది, తీసుకున్న వాళ్లు కూడా తరవాత వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాయన పుట్టిన ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. ఆయన పని చేసిన డ్యామే. ఇల్లు, గుడి, చింత చెట్టు అన్నీ నీళ్లలో. సంగమేశ్వరం గుడి ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడుతుంది కదా, ఆ చుట్టుపక్కలే. అందుకే కుద్రేముఖ్ ఖాళీ చేసేటప్పుడు మిగతా వాళ్లందరూ కోర్టుని, ప్రభుత్వాన్ని, పర్యావరణం వాళ్లని తిడుతుంటే నాయన ఏమీ మాట్లాడలేదు. ఏంది నాయనా నీకు బాధ లేదా అని ఫోన్ లో అడిగితే, "నాకిది రెండోసారి అమ్మీ, ఎట్ల సర్దుకోవాల్నో తెలుసు" అన్నాడు, అని వెంటనే గ్యాస్ సిలిండర్ సరెండర్ చేయడం గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

పర్యావరణం వాళ్ల మీద నాకు కోపం ఉందా అంటే లేదు. అట్లా అని సంతోషంగా చప్పట్లు కొట్టలేను కూడా. మా చదువులు, తమ్ముడి ఆపరేషన్, చిన్నాన్న కూతురి పెళ్లి అన్నీ ఆ రాతిలోంచే వచ్చాయి. అదే రాయి మట్టి కేసీ కెనాల్ దాకా వచ్చిందో లేదో గానీ భద్రలో మాత్రం నా కళ్లముందే పోయింది.

తమాషా ఏంటంటే అన్నేళ్లు అక్కడ ఉండి నేను కుద్రేముఖ్ శిఖరం ఒక్కసారి కూడా ఎక్కలేదు. కాలనీ వాళ్లు ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. పని లేనివాళ్లు ఎక్కుతారు అనేవాళ్లు. ఉద్యోగంలో చేరాక బెంగళూరులో ఆఫీసు వాళ్లు ట్రెక్ ప్లాన్ చేస్తుంటే, ఏ ఊరో తెలుసా అది, మా ఊరు, అని ఎగిరి గంతేసి పోయాను. వాళ్లు నన్ను గైడ్ అనుకున్నారు పాపం.

దారి సంసె వైపు నుంచి. సంసెలో టీ తోటలు, అక్కడి నుంచి ముళ్లోడి అనే చిన్న పల్లె దాకా జీపులో, ఆ జీపు ప్రయాణం నడకకన్నా కష్టం. తెల్లవారుజామునే బయల్దేరాలి, ఫారెస్ట్ వాళ్ల పర్మిట్, గైడ్ తప్పనిసరి, పైన టెంట్ వెయ్యనివ్వరు, సాయంత్రానికి దిగిపోవాలి. పోను రాను కలిపి ఇరవై కిలోమీటర్ల దగ్గర పడుతుంది. ఇప్పుడైతే రోజుకి ఇంతమందే అని పరిమితి పెట్టి ఆన్‌లైన్ లో బుకింగ్ చేశారు, మంచి పని, లాంగ్ వీకెండ్ లో ఆ జనాన్ని చూస్తే తిరునాళ్లే. ఎండాకాలంలో మంటల భయానికి మూసేస్తారు.

మొదట కాసేపు పొలాలు, వాగులు, తరవాత ఒంటిమర అనే చోట ఒకే ఒక చెట్టు, అక్కడి నుంచి గడ్డి కొండలు. చూసేవాళ్లకి మొత్తం కొండ గడ్డే అనిపిస్తుంది కానీ రెండు కొండల మధ్య పల్లంలో ముదురు ఆకుపచ్చ ముద్దలు ఉంటాయి, వాటిని శోలా అడవులు అంటారు. పైన గడ్డి, మడతల్లో అడవి. గాలి కొట్టే చోట చెట్టు నిలవదు, తడి నిలిచే చోట కిక్కిరిసి పెరుగుతుంది. వాన నీళ్లని ఆ శోలాలు పట్టుకుని నెమ్మదిగా వదులుతాయి, అందుకే డిసెంబర్ లో కూడా వాగులు పారుతూనే ఉంటాయి. బయట ఎండ, శోలాలోకి అడుగు పెట్టగానే ఒళ్లు చల్లబడుతుంది, కాళ్ల కింద ఆకులు మెత్తగా, ఆ మెత్తదనంలో జలగలు.

జలగల గురించి చెప్పకపోతే ఈ పోస్ట్ అసంపూర్ణం. ఇంబళ అంటారు అక్కడ. దారం ముక్క అంత సన్నగా ఉంటుంది, ఆకు చివర నిలబడి తల అటూ ఇటూ ఊపుతా మన వేడి కోసం వెతుకుతుంది. సాక్స్ అల్లికలోంచి కూడా దూరుతుంది. పట్టుకున్నప్పుడు తెలియదు, నొప్పి ఉండదు, తాగి ఉబ్బి రాలిపోయాక రక్తం ఆగకుండా కారుతుంటే అప్పుడు తెలుస్తుంది. ఆఫీసు వాళ్లు స్ప్రేలు, ఖరీదైన లీచ్ సాక్స్ తెచ్చుకున్నారు. నేను చిన్నప్పుడు చూసినట్టు ఒక కర్ర చివర గుడ్డలో ఉప్పు మూట కట్టుకుని పోయాను, తడిపి జలగ మీద అద్దితే చాలు ముడుచుకుని పడిపోతుంది. మధ్యాహ్నానికి అందరూ నా కర్ర చుట్టూ లైన్ కట్టారు. గైడ్ పిలగాడు నా కర్ర చూసి కన్నడంలో, మీరు ఏ ఊరు అక్కా అని అడిగాడు, కాలనీ అన్నాను. వాళ్ల నాన్న కూడా మైన్స్ లో కాంట్రాక్ట్ పని చేశాడంట. అంతే, అక్కడి నుంచి మేమిద్దరం ముందు మాట్లాడుకుంటూ, మిగతా వాళ్లు వెనక రొప్పుకుంటూ.

చివరి ఎక్కుడు నిలువు, ఊపిరి అందదు. పైకి పోతే ఏముంది, తెల్లటి మబ్బు. మంచి రోజైతే పడమటి వైపు లోయ, అరేబియా సముద్రం గీత కూడా కనపడుతుంది అన్నాడు పిలగాడు. మాకు పక్కనున్న మనిషి కనపడితే చాలు అన్నట్టుంది. ఆఫీసు వాళ్లు డిసప్పాయింట్ అయ్యారు. నేను చిత్రాన్నం పొట్లం విప్పుకుని తిన్నాను, నాకు ఆ మబ్బు కొత్త కాదు, పదేళ్ల వయసు దాకా అదే మబ్బులో బూట్లు వెతుక్కున్నదాన్ని.

దిగాక వాళ్లని హొరనాడు గుడికి పంపించి నేను కాలనీకి పోయాను. సగం క్వార్టర్లకి తలుపులు లేవు. మా ఇంటి మెట్ల మీద నాచు, గోడ మీద రావి మొక్క, వంటింటి కిటికీలోంచి ఒక లతేదో లోపలికి వచ్చి గ్యాస్ పొయ్యి పెట్టే గట్టు దగ్గరదాకా పాకింది. ఊడిన పెంకుల్లో ఒకటి తెచ్చుకుందాం అనుకుని, బ్యాగు బరువని మానేశాను. దూరంగా తవ్విన కొండ, మెట్లు మెట్లుగా, ఆకుపచ్చగా. జూమ్ చేసి ఫోటో తీశాను.

ఆ ఫోటో కర్నూల్లో నాయనకి చూపిస్తూ, చూడు నాయనా గడ్డి ఎంత బాగా వచ్చేసిందో, అడవి తిరిగి వచ్చేసింది అన్నాను. కళ్లజోడు పెట్టుకుని ఫోన్ ని దూరంగా పట్టి చాలాసేపు చూశాడు. "యాడ గడ్డి, అది అకేషియా, మేము ఉన్నప్పుడే నాటిచ్చినారు. అడవి చెట్టు కాదు అది. ఈ పక్క చూడు, ఈ మెట్టు నాది, ఇక్కడ రాయి గట్టిగా ఉండె, బకెట్ పళ్లు ఊరికే అరిగిపోయేవి." అని వేలితో జూమ్ చెయ్యబోయి ఫోటో డిలీట్ చేసేశాడు. అమ్మ లోపల్నుంచి, ఆయనకి ఫోన్ ఇయ్యద్దు అని ఎన్ని సార్లు చెప్పాలి నీకు అని అరుపు. రీసైకిల్ బిన్ లోంచి తీసి మళ్లీ చూపిస్తే ఈసారి డంపర్లు తిరిగే రోడ్డు ఎక్కడుండేదో వెతికాడు, మా తమ్ముడు పక్కన కూర్చుని అది రోడ్డు కాదు నాయనా, కాలువ అంటాడు, నీకేం తెలుసు రా నువ్వు అప్పుడు నిక్కర్లో ఉంటివి అంటాడు నాయన. వాదన ఇంకా తేలలేదు. అక్టోబర్ లో పర్మిట్లు దొరికితే ఈసారి ఆ వరసలోనే ఉన్న కురింజల్ కొండ వైపు పోదామని తమ్ముడు అంటున్నాడు, నాయన అయితే నేను కార్లోనే కూర్చుంటా, ఆ రోడ్డు సంగతి మాత్రం దగ్గరుండి తేలుస్తా అంటున్నాడు.